మాతాశిశు సంరక్షణము: తల్లి జ్వరము, బిడ్డ మౌనము

గత మాసమున మాకు వచ్చిన లేఖలలో నొకదానిని మేము పలుమారులు చదివితిమి. వ్రాసిన సోదరి పేరును, ఊరును ఇచట ప్రకటింపము. ఆమెకు నాలుగేండ్ల కుమారుడు గలడు. పిల్లవాడు చూచుటకు చక్కగ నుండును. అన్నము తినును, పరుగెత్తును. కాని పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడడు. తల్లి ముఖము చూచి నవ్వుట మిక్కిలి తక్కువ. బొమ్మబండిని నేలపై నడుపక, తలక్రిందులుగ బెట్టి దాని చక్రమును గంటలకొలది త్రిప్పుచుండును. రెండవ యేట నేర్చిన నాలుగు మాటలును మూడవ యేట మఱచిపోయెను. పట్టణమునకు గొనిపోయి చూపగా, వైద్యులు పరీక్షించి దీనికి ఆటిజమని పేరు చెప్పిరట.

లేఖలోని బాధ ఇంతతో ముగియలేదు. ఆ బిడ్డ కడుపున నుండగా మూడవ నెలలో ఆమె తన పినతండ్రి కుమార్తె పెండ్లికి పోయి వచ్చెను. వచ్చిన వారమునకే జ్వరము తగిలి మూడు దినములుండి తగ్గెను. ఇప్పుడు అత్తగారు ఇంటికి వచ్చినవారందఱితోడను, "వట్టి మనిషివి కావు, పోవలదమ్మా యన్నను వినక పోయి జ్వరము తెచ్చుకొన్నది, ఆ వేడికే పిల్లవాని బుద్ధి చెడినది" అని చెప్పుచున్నారట. భర్త ఏమియు ననడు. ఆయన యూరకుండుటయే తనకు ఎక్కువ కష్టముగ నున్నదని యామె వ్రాసినది. "నా జ్వరమే నా బిడ్డ నోరు కట్టినదా? రాత్రులు నిద్ర పట్టుటలేదు. నిజము చెప్పుడు, దాచవలదు" అని లేఖ ముగించినది.

నిజము చెప్పుమని యడిగినవారికి ఓదార్పు మాత్రము చెప్పిన చాలదు. గర్భిణికి వచ్చు వైరసు వ్యాధులకును బిడ్డల ఆటిజమునకును సంబంధము గలదా యనునది ఏబది యేండ్లకు పైగా వైద్యులు విచారించుచున్న ప్రశ్నయే. అందు నిశ్చయముగ తేలినదియు గలదు, తేలనిదియు గలదు. రెంటిని వేఱుపఱచి చెప్పుట ఈ మాసపు మా పని.

మొదట ఆటిజమనగా నేమో చెప్పవలయును. 1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. వారందఱును తమలో తాము మునిగియుండువారు; ఇతరులతో కలియుట యెఱుగరు; ఒక పనినే మరల మరల చేయుదురు; నిత్యము జరుగు క్రమము కొంచెము మారినను సహింపలేరు. నాటినుండి ఈ స్థితికి ఆటిజమను పేరు నిలిచినది. ఇది పిచ్చి కాదు, గాలి సోకుట కాదు, పెంపకములోని లోపమును కాదు. మెదడు వికసించు రీతిలోనే గల భేదము. కొందఱిలో అల్పముగ నుండును, కొందఱిలో అధికముగ నుండును.

ఇచట తల్లులకు జరిగిన ఒక పెద్ద యన్యాయమును గూర్చి చెప్పక తప్పదు. కానర్ గారు వ్రాసిన తరువాత రెండు దశాబ్దములకు పైగా పాశ్చాత్యదేశములలో పలువురు వైద్యులు, తల్లికి బిడ్డపై ప్రేమ చాలకపోవుటచేతనే ఆటిజము వచ్చునని బోధించిరి. మంచువలె చల్లనైన తల్లులని వారిని నిందించిరి. బిడ్డను ఎత్తుకొని కంటికి రెప్పవలె కాపాడుకొను తల్లియే, వైద్యుని యెదుట దోషివలె తలవంచుకొని కూర్చుండవలసి వచ్చెను. 1964లో బెర్నార్డ్ రిమ్లండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఆ సిద్ధాంతమును ఖండించుచు గ్రంథము వ్రాసెను. ఆయనకే ఆటిజముగల కుమారుడుండెను. 1977లో ఇంగ్లండున సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ గారలు 21 జతల కవలలను పరిశీలించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జతలలో 4 జతలయందు ఇద్దఱికిని ఆటిజము కనబడెను. వేఱువేఱు అండములనుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతయందును ఇద్దఱికి లేదు. కాబట్టి ఇందు వంశమున వచ్చు బీజమునకు ముఖ్యమైన పాలు గలదని తెలిసెను. తల్లి మనసు చల్లదనమను మాట అంతటితో అడుగంటినది. తల్లిని దోషిగ నిలుపుటలో లోకము ఒకసారి తప్పు చేసినది. మరల చేయరాదనియే మేము ఇంతగ చెప్పుచున్నాము.

ఇక జ్వరముల సంగతి. ఈ కథ ఆస్ట్రేలియాలో ఆరంభమైనది. 1941లో సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను కంటివైద్యుడు, పుట్టుకతోడనే కంటిలో శుక్లములతో నున్న శిశువులు విశేషముగ వచ్చుచుండుట గమనించెను. అంతకుముందు 1940లో ఆ దేశమున రుబెల్లా, అనగా జర్మను తట్టు అనబడు వ్యాధి బలముగ వ్యాపించియుండెను. తన వసారాలో కాచుకొనియున్న తల్లులు, తమకు గర్భకాలమున ఆ తట్టు వచ్చిన సంగతి ఒకరితో నొకరు చెప్పుకొనుచుండగా ఆయన విని ఆలోచనలో పడెనని చెప్పుదురు. తానును, తోడి వైద్యులును చూచిన 78 మంది శిశువుల చరిత్రల నాయన సేకరింపగా, అందు 68 మంది తల్లులకు గర్భకాలమున రుబెల్లా వచ్చినట్లు తెలిసెను. పెక్కుమంది శిశువులకు గుండెజబ్బు కూడ నుండెను. అంతవఱకు గర్భము కోటవంటిదనియు, తల్లికి వచ్చిన అల్పవ్యాధి లోపలి శిశువును తాకదనియు తలంచుచున్న వైద్యలోకము మొదట ఈ మాటను నమ్మలేదు. తరువాతి పరిశోధనలు ఆయన చెప్పినది నిజమని స్థాపించినవి.

రుబెల్లా తల్లికి మిక్కిలి స్వల్పమైన వ్యాధి. కొంచెము జ్వరము, ముఖమునుండి మేనికి ప్రాకు లేత ఎఱ్ఱని పొక్కులు, చెవుల వెనుక బిళ్ళలు కట్టుట. మూడు దినములలో అంతయు పోవును. కొందఱికి పొక్కులు సైతము కనబడవు. కాని ఆ వైరసు మావిని దాటి శిశువును చేరును. గర్భము నిలిచిన మొదటి మూడు నెలలు శిశువు కన్ను, చెవి, గుండె, మెదడు రూపుదిద్దుకొను కాలము. అప్పుడు వైరసు చేరినయెడల ఆ నిర్మాణము చెడును. ఆ తొలి మాసములలో తల్లికి రుబెల్లా వచ్చినయెడల శిశువునకు హాని కలుగు అవకాశము మిక్కిలి యెక్కువ. 20 వారములు దాటిన పిమ్మట మిక్కిలి తక్కువ.

1964, 65 సంవత్సరములలో అమెరికాలో ఈ వ్యాధి పెద్ద ఉపద్రవముగ వచ్చెను. 1 కోటి 25 లక్షల మందికి రుబెల్లా సోకెనని అంచనా. దాని ఫలితముగ సుమారు 20,000 మంది శిశువులు చెవుడు, అంధత్వము, గుండెజబ్బు మున్నగు లోపములతో పుట్టిరి. న్యూయార్కు నగరమున స్టెల్లా చెస్ అను మానసిక వైద్యురాలు అట్టి పిల్లలలో 243 మందిని శ్రద్ధగ పరీక్షించి, 1971లో తన ఫలితములను ప్రకటించెను. 10 మందిలో ఆటిజము పూర్తిగను, 8 మందిలో కొంతవఱకును కనబడెను. అనగా నూటికి ఏడుగురు. ఆ కాలమున సామాన్యముగ పదివేల పిల్లలలో నలుగురైదుగురికి మాత్రమే ఆటిజమున్నట్లు లెక్కించుచుండిరి. ఈ రెండు లెక్కలకును గల దూరము చూచినవారికి, రుబెల్లా ఆటిజమునకొక కారణమగుననుటలో సందేహము మిగులదు. ఆమె కొన్నియేండ్లకు మరల ఆ పిల్లలను చూచినప్పుడు కొందఱిలో ఆ లక్షణములు తగ్గియుండెను, మఱికొందఱిలో క్రొత్తగ తోచెను. ఇందు మఱొక సంగతియు మఱువరాదు: గర్భమున రుబెల్లా సోకిన ఆ పిల్లలలోను నూటికి తొంబదిమందికి పైగా ఆటిజము రాలేదు.

ఇంతవఱకు నిశ్చయముగ తేలినది. ఇకమీద చెప్పునది అంత తేటగ లేదు.

రుబెల్లా కాని ఇతర జ్వరముల మాట యేమి? డెన్మార్కు దేశమున ప్రతి బిడ్డ జననమును, ప్రతి ఆసుపత్రి ప్రవేశమును లెక్కలలో వ్రాసియుంచుదురు. 1980 మొదలు 2005 వఱకు అచట పుట్టిన పిల్లల లెక్కలను పరిశీలించి 2010లో ప్రకటించిన యొక పరిశోధనలో, మొదటి మూడు నెలలలో వైరసు వ్యాధిచే ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన తల్లుల బిడ్డలలో ఆటిజము సుమారు మూడు రెట్లు కనబడెను. కాని ఇవి ఆసుపత్రిలో చేరునంతటి తీవ్రవ్యాధులు. అట్టి తల్లులు బహు కొద్దిమంది. అదే దేశమున 2012లో ప్రకటించిన మఱొక పరిశోధనలో, గర్భిణులను అడిగి తెలిసికొని, పిమ్మట వారి పిల్లలను గమనించిరి. పడిసెము మున్నగు సామాన్యవ్యాధులకును ఆటిజమునకును సంబంధము కనబడలేదు. ఇన్‌ఫ్లుయెంజా వచ్చినవారిలోను, వారము దినములకు పైగా జ్వరమున్నవారిలోను కొంత హెచ్చు కనబడినను, అది కాకతాళీయము కావచ్చునని ఆ పరిశోధకులే హెచ్చరించిరి. తరువాత 2017లో కాలిఫోర్నియాలో సుమారు 1,97,000 మంది పిల్లల లెక్కలు చూడగా, తల్లికి వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాకును బిడ్డ ఆటిజమునకును సంబంధము కనబడలేదు.

2022లో స్వీడను దేశమునుండి వెలువడిన పరిశోధన మా సోదరి ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగ నున్నది. సుమారు 5,50,000 మంది పిల్లల సంగతి వారు చూచిరి. గర్భకాలమున అంటువ్యాధులకు వైద్యము పొందిన తల్లుల బిడ్డలలో ఆటిజము కొంచె మెక్కువగ నుండెను. ఇంతటితో ఆగియున్నచో, జ్వరమే కారణమని చెప్పియుందురు. కాని వారు రెండు ప్రశ్నలు వేసిరి. గర్భమునకు ఏడాది ముందు వ్యాధి వచ్చిన తల్లుల మాట యేమి? వారి బిడ్డలలోను అట్టి హెచ్చే కనబడెను. అప్పటికి గర్భమే లేదు గదా, శిశువును జ్వరమెట్లు తాకును? ఒకే తల్లికి ఒక కానుపున వ్యాధి వచ్చి, మఱొక కానుపున రానియెడల ఆ ఇద్దఱు బిడ్డలకును భేదమేమి? భేదము కనబడలేదు. కనుక, కొన్ని కుటుంబములలో అంటువ్యాధులకు లోబడు స్వభావమును, ఆటిజము వచ్చు స్వభావమును రెండును కలిసియుండవచ్చును గాని, ఒకటి రెండవదానికి కారణము కాకపోవచ్చునని వారు తేల్చిరి. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినంతమాత్రమున కాకియే పండును పడగొట్టినదనరాదు గదా! రుబెల్లావంటి ప్రత్యేకవ్యాధుల విషయమున మాత్రము ఈ మాట వర్తింపదని వారే చెప్పిరి.

అయిన ఈ విచారణను వైద్యు లింకను విడువలేదు. కాలిఫోర్నియాలో పాల్ ప్యాటర్సన్ అను శాస్త్రజ్ఞుడు చూలి యెలుకలపై పరిశోధించెను. వైరసు లేకయే, వైరసు వచ్చినదని శరీరము భ్రమించునట్లు చేయు పదార్థమొకటి సూదిమందుగ నిచ్చినను, వాని పిల్లల నడవడిలో మార్పు కనబడెను. కావున హాని చేయునది వైరసు కాక, దానితో పోరాడుటకు తల్లి శరీరము పుట్టించు రసాయనములు కావచ్చునని ఆయన తలంచెను. ఎలుకలలో కనబడినదెల్ల మనుష్యులకు వర్తింపదు; అయినను గర్భిణికి తీవ్రజ్వరము వచ్చినప్పుడు అశ్రద్ధ చేయరాదనుటకు ఇదియు నొక కారణము.

సోదరీ, మీ ప్రశ్నకు మా సమాధాన మిది. మూడు దినములుండి తగ్గిన యొక జ్వరము మీ బిడ్డ ఆటిజమునకు కారణమని చెప్పుటకు ఏ శాస్త్రజ్ఞునికిని ఆధారము లేదు. ఆ జ్వరమున మేనిపై పొక్కులు వచ్చియున్నచో, బిడ్డ చెవులను, కన్నులను, గుండెను ఒకమారు పరీక్ష చేయించుడు. అట్లు చేయించుట నిందకొఱకు కాదు, వినికిడిలో లోపమున్నచో దానికి చికిత్స గలదు గనుక. ఒకవేళ రుబెల్లాయే వచ్చియున్నను, కంటికి కనబడని పురుగు పెండ్లిపందిటిలో ఎవరి ఊపిరినుండియో వచ్చి సోకిన యెడల అది మీ నేరమెట్లగును? ఆ పందిరిలో నున్నవారెవ్వరికిని తెలియని దానిని మీరెట్లు తెలిసికొందురు?

అత్తగారలకును ఒక మాట. మీరును తల్లులే. గ్రహణమునాడు వెలుపలికి వచ్చినందున బిడ్డకు మొఱ్ఱి వచ్చెనని, కత్తిపీట పట్టినందున చెవి తెగెనని, మన ఇండ్లలో ఎందఱు కోడండ్రు ఎన్ని యేండ్లు కన్నీరు కార్చిరో మీరెఱుగనిది కాదు. ఆ కోడండ్రలో మీరును ఒకరై యుండవచ్చును. ఇప్పుడు గ్రహణమునకు బదులు జ్వరము వచ్చినది, అంతియే. మనుమని నోట మాట రావలెనన్న, కోడలి మనసు కుదుటబడవలెను. ఆమె యొక్కతెయే రాత్రింబవళ్ళు ఆ బిడ్డతో పాటుపడవలసియున్నది. పిల్లవాని తండ్రి సైతము ఊరకుండుట చాలదు. నలుగురిలో భార్యవైపు నిలిచి ఒక్క మాట పలుకవలెను.

ఇక ముందు కడుపు పండవలసిన ఇండ్లకు మేము చెప్పదలచినది. ఆటిజమునకు గల కారణములలో పెక్కు మన చేతిలో లేవు. రుబెల్లా మాత్రము మన చేతిలో నున్నది. దానికి టీకా 1969లోనే వచ్చినది. ఆ టీకాను విడువక వేసినందున అమెరికా ఖండములనుండి 2015 నాటికి రుబెల్లా తుడిచిపెట్టబడినది. మన దేశమున 2017లో తట్టు, రుబెల్లా రెంటికిని కలిపిన టీకా ఉద్యమము ఆరంభమై, ఆ యేడు ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు వచ్చెను. 9 నెలలు మొదలు 15 ఏండ్లలోపు పిల్లల కందఱికి వేసిరి. ఇప్పుడు బిడ్డకు 9 నెలలు నిండిన తరువాత ఒకసారియు, 16 నుండి 24 నెలల మధ్య మఱొకసారియు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగ వేయుదురు. ఆడపిల్లకు మాత్రమే యనుకొనవలదు. మగపిల్లవానికి వేయించిన, అతడు రేపు చూలాలైన అక్కకో పినతల్లికో వ్యాధిని తేడు.

2017 నాటికే 15 ఏండ్లు దాటియున్న ఆడపిల్లలలో పెక్కుమందికి ఈ టీకా అందలేదు. వారిపుడు పెండ్లి యీడున, కానుపుల యీడున నున్నవారు. పెండ్లికి ముహూర్తము చూచునప్పుడే డాక్టరమ్మను కలిసి, రక్తపరీక్షచే రుబెల్లా రక్షణ గలదో లేదో తెలిసికొని, లేనిచో టీకా వేయించుకొనవలెను. వేయించుకొన్న తరువాత కనీసము ఒక నెల గర్భము రాకుండ చూచుకొనవలెను. గర్భిణిగ నున్నప్పుడు ఈ టీకా వేయించుకొనరాదు. కానుపైన పిమ్మట వేయించుకొనవచ్చును.

ఈ టీకా వలననే ఆటిజము వచ్చునని ఒక వదంతి గలదు. 1998లో ఇంగ్లండున ప్రకటింపబడిన యొక వ్యాసమునుండి అది పుట్టెను. ఆ వ్యాసము అక్రమములతో గూడినదని తేలి, 2010లో దానిని ప్రకటించిన పత్రికయే ఉపసంహరించుకొనెను. డెన్మార్కున 6,57,461 మంది పిల్లలను గమనించి 2019లో ప్రకటించిన పరిశోధనలో, టీకా వేయించుకొన్నవారిలో ఆటిజము హెచ్చుగ లేదని స్పష్టమాయెను. ఆటిజమునకు నిశ్చయముగ తెలిసిన యొక కారణమును ఆపు టీకానే ఆటిజమునకు కారణమని జనులు భయపడుట ఎంత వింత!

నెల తప్పిన సోదరీమణులు మఱికొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. జ్వరముతో మేనిపై పొక్కులున్న పిల్లలయొద్దకు పోరాదు. ఇంటిలోని పసిబిడ్డల యుమ్మి, మూత్రము తాకినపుడు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను; సైటోమెగలో అను మఱొక వైరసు ఆ దారినే వచ్చి కడుపులోని శిశువు వినికిడిని చెఱుపగలదు. పిల్లల యెంగిలి తినరాదు. జ్వరము వచ్చినచో లంకణములు చేయక, పథ్యముగ తిని, నీరు విరివిగ త్రాగి, ఆ దినమే వైద్యులకు చూపించుకొనవలెను. ఇంటిలో మిగిలిన మాత్రలు తమంతట వేసికొనరాదు. ఇన్‌ఫ్లుయెంజా టీకా గర్భిణులు వేయించుకొనవచ్చును. వేయించుకొనుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

కడపట, ఇప్పటికే ఇట్టి బిడ్డలు గల తల్లులకు. ఏడాది నిండినను పేరు పిలిచిన పలుకని బిడ్డను, ఏడాదిన్నరయైనను వ్రేలితో చూపి యడుగని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకొన్న బిడ్డను, "మగపిల్లలకు మాట ఆలస్యముగ వచ్చును" అని యూరకుండక వైద్యులకు చూపవలెను. ఎంత ముందుగ శిక్షణ మొదలిడిన అంత మేలు. జిల్లా ఆసుపత్రులలో పెక్కింటియందు పిల్లలకు సత్వర చికిత్స చేయు కేంద్రములు గలవు. సికింద్రాబాదులోని మనోవికాసనగరమున 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ ఇట్టి పిల్లలకొఱకే పని చేయుచున్నది. 2016 నాటి చట్టము ఆటిజమును గుర్తించి, ఆ బిడ్డలకు చదువు మున్నగు హక్కులు కల్పించినది.

లేఖ వ్రాసిన సోదరీ, పిల్లవాడు చక్రమును త్రిప్పుచున్నపుడు దానిని లాగికొనకుడు. ప్రక్కన కూర్చుండి మీరును త్రిప్పుడు. ఒకమారు ఆపి, అతడు మీవైపు చూచువఱకు కాచుకొనుడు. చూచిన వెంటనే మరల త్రిప్పుడు. శిక్షణ ఇచ్చువారు తల్లులకు నేర్పు పనులలో ఇట్టిది యొకటి. వచ్చు మాసమున అతడెన్నిసార్లు చూచెనో మాకు వ్రాయుడు. ఆ జ్వరమును గూర్చి మాత్రము ఇక వ్రాయవలదు. ఈ రాత్రి నిద్రపొండు.